ఎలుకలకు తగ్గిన జబ్బు

నాయనా,

తెల్లవారినప్పటి నుంచి సన్నగా చినుకులు. తడి మల్బరీ ఆకు పట్టుపురుగులకు వేయకూడదని నడింట్లో పరిచి ఆరబెడుతున్నాను. నీ తిథి కదా, గనుల ఊరు కోరమండల్ నుంచి చిన్నాయన వచ్చినాడు. నిన్ను తీసుకుపోయిన గని దుమ్ము జబ్బే ఆయనకూ ఉంది. వాకిట్లో ఆగి ఊపిరి తీసుకొని లోపలికొచ్చినాడు.

నీ మనవరాలు లత బెంగళూరులో మందులు పరీక్షించే చోట పనిచేస్తోంది. సెలవుకు వచ్చింది.

"ఎలుకలకు తగ్గిందంటివే పాపా, ఆ మందు నాకెప్పుడిస్తారు?" అన్నాడు చిన్నాయన.

"ఎలుకలకు దుమ్ము మేమే ఒకసారి ఎక్కిస్తాం తాతా. కొన్నాళ్లకే మందిస్తాం. నువ్వు ఏండ్ల తరబడి పీల్చినావు. మనుషులకిచ్చి చూస్తే పనిచేయలేదు. ఆపేసినారు."

చిన్నాయన కాసేపు ఆకులు తిరగేసినాడు. "ఎలుకకేమప్పా, మళ్లీ షిఫ్టుకు పోయే పని లేదు," అన్నాడు నాతో.

షిఫ్టు దిగినాక గొంతులో దుమ్ము పోతుందని మీరిద్దరూ బెల్లం ముక్క తినేవాళ్లు. ఆయన ఇంకా మానలేదు. లేచేటప్పుడు అమ్మ ఇచ్చిన ముక్కను ఈసారి లత చేతిలో పెట్టినాడు.

"ఇది కూడా ఆ ఎలుకలకు పెట్టి చూడమ్మా. తగ్గితే మాత్రం నాకు చెప్పొద్దు."

వాన నిలిచినాక మధ్యాహ్నం బస్సుకు చిన్నాయన పోయినాడు. లత సాయంత్రం రైలుకు పోయింది.