కింది అర

మూడో తారీకు

నా ఫైలు తొంభై రోజులుగా నీ ఆఫీసులోనే పడి ఉంది. నీకు తెలిసి కూడా నాకు చెప్పలేదు.

ఆ సంగతి కౌంటర్లో అమ్మాయి చెబితే విన్నాను అక్కా. "మీది పక్కన పెట్టారండీ" అంది. ఎవరంటే నీ కుర్చీ చూపించింది. ఫోను చేస్తే "తమ్ముడి ఫైలు గురించి నేను మాట్లాడకూడదురా" అని పెట్టేస్తావు. అక్కడ పరాయి దేశపు ఆసుపత్రిలో నర్సు పని చేసే నీ మరదలికి తొమ్మిదో నెల. పక్కన మంచినీళ్లిచ్చే దిక్కు లేదు.

మీ బోర్డు మీద "ఇరవై రోజుల్లో వీసా" అని ఉంది. నాతోపాటు అర్జీ పెట్టిన బ్యాంకాయన ఎప్పుడో ఎగిరిపోయాడు. నేను సిమెంటు సంచుల మీద అక్షరాలు చూసి చదవడం నేర్చుకున్నవాణ్ణే కావచ్చు, ఇరవైకీ తొంభైకీ తేడా తెలీనివాణ్ణి కాదు. కారణం రాయి. శనివారంలోపు.

ఆరో తారీకు

ప్రియమైన తమ్ముడూ,

ఎవరూ నేర్పకుండానే తిట్టడం బాగా వచ్చింది నీకు.

నీ ఫైలు వచ్చిన రోజే "మా తమ్ముడిది" అని రాసి పక్క బల్లకి ఇచ్చేశాను. అది మా పద్ధతి. అక్కడ నీ వేలిముద్రలు మిషను చదవలేదు. రాళ్లకి పాలిష్ పట్టీ పట్టీ నీ వేళ్లూ నున్నబడ్డాయి. అలాంటి ఫైళ్లు కింది అరలోకి పోతాయి. అక్కడున్న రోజులు లెక్కలోకి రావు. అందుకే బోర్డు మీద ఇరవై.

ఆ అర పెట్టించింది నేనేరా, ఆరేళ్ల కిందట. వీటివల్లే మిగతావి ఆగుతున్నాయన్నాను. పని వేగం పెరిగిందని మెచ్చుకోలు కాగితం ఇస్తే గోడకి తగిలించుకున్నాను.

నీ ఉత్తరం చదివాక వంగి చూశాను. డెబ్బై నాలుగు ఫైళ్లు. తాపీ పనివాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, బట్టలుతికేవాళ్లు. మనిషిని పిలిచి, వేళ్లు వేడినీళ్లలో నానబెట్టి, సిరాతో ముద్ర తీయడానికి పన్నెండు నిమిషాలు చాలు.

తప్పు నాదేనని రాసి, సంతకం పెట్టి పై అధికారికి ఇచ్చాను. రేపట్నుంచి రోజుకి ఐదు తీస్తాం, పాతవి ముందు. నీది నలభై మూడోది. ముందుకు జరపను. తిట్టుకో.

నీ అక్క

ఇరవై ఎనిమిదో తారీకు

అక్కా,

నాలుగు రోజులు ఆలస్యమయ్యాను. పాప పుట్టినప్పుడు నేను పక్కన లేను. అది నీవల్లే. రాసేశాను, ఇక మనసులో పెట్టుకోను.

ముద్రలు తీసిన రోజు నా ముందున్న నలభై రెండోది ఒక పెద్దావిడ, గిన్నెలు తోముతుంది. కొడుకు దగ్గరికెళ్లాలని నాకంటే ముందునుంచీ చూస్తోంది. నువ్వెవరో చెప్పకుండా ఊరుకున్నాను. "ఆ మేడం కింద కూర్చుని మరీ నా చేతులు తుడిచింది బాబూ" అంది. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నా నువ్వు నావంక చూడలేదు. నీ కుర్చీ వెనక గోడకి మేకు ఒక్కటే ఉంది, కాగితం లేదు.

నన్ను ముందుకు జరిపితే ఆవిణ్ణి వెనక్కి నెట్టేదానివి. ఇంత మొండిది మా అక్క అని ఇక్కడ కనబడిన ప్రతివాడికీ చెబుతున్నాను. "ఇక ఆపవయ్యా, పాప లేస్తుంది" అంటోంది నీ మరదలు.

పాప పిడికిలి విప్పి చూశాను. వేళ్ల మీద గీతలన్నీ చక్కగా ఉన్నాయి.

కానీ వచ్చేటప్పుడు చూశాను, బోర్డు మీద ఇంకా ఇరవయ్యే ఉంది. అసలు అంకె రాయించు. ఆ బోర్డు కిందే వరసలో నిలబడి నీ అర్జీ పెట్టు. పాపని మేనత్త ఎత్తుకోవాలి. ఈ రెండూ ఎప్పుడు చేస్తావో పదో తారీకులోపు రాయి.

నీ తమ్ముడు