గచ్చకాయకు పచ్చి మాంసం

1961 ఫిబ్రవరి 12, ఆదివారం

గచ్చకాయ ఇవాళ బస్తా మీదికి దూకబోయి జారి పడింది. ఆ బస్తా నా నడుమెత్తు కూడా లేదు. పడి లేచి, ఎవరైనా చూశారా అన్నట్టు అటూ ఇటూ చూసి తోక నాక్కుంది. తోక మీద బొచ్చు ఊడి చర్మం కనిపిస్తోంది.

కొట్టు వెంకయ్య గారిది. లోపల పత్తిగింజలు, మిరపకాయ బస్తాలు. నాయన కాపలా. కొట్టు గోడకు ఆనించి వేసిన వసారాలో మేం ఉంటాం. పిల్లి ఎవరిదో మాత్రం ఎవరూ తేల్చలేదు. గచ్చకాయ రంగులో ఉందని ఆ పేరు పెట్టింది నేను. కాబట్టి నాది.

వెంకయ్య గారు ఎలకలు కొరికిన గోనెలు చూసి నాయనతో, ఏం మొహిద్దీనూ, నువ్వు పిల్లిని మేపుతున్నావా ఎలకల్ని మేపుతున్నావా అన్నారు. పెదకాకాని నుంచి మంచి గండుపిల్లిని తెప్పిస్తారట. రంజాను పండగ వెళ్లాక మిరపకాయల లారీ బెజవాడ పోతుంది గదా, ఆ రోజు దీన్ని గోనెలో కట్టి డ్రైవరు ఏసోబుకిచ్చెయ్, తాడేపల్లి దగ్గర ఏటి ఒడ్డున వదిలేస్తాడు, చేపలు తిని బతుకుద్ది అన్నారు. నాయన సరేనండి అన్నాడు.

నడుమెత్తు బస్తా ఎక్కలేని పిల్లి కృష్ణలో చేపలు పట్టుకుంటుందట.

పోనివ్వను.

ఫిబ్రవరి 14

సైన్స్ పీరియడ్ అయ్యాక క్రీస్తుదాసు మాస్టారిని ఆపి, గచ్చకాయ ఎందుకింత నీరసంగా ఉందని అడిగాను. ఏం పెడుతున్నారమ్మా దానికి అన్నారు. మజ్జిగన్నమండి అన్నాను. నీకు మూడు పూటలా ఎండుగడ్డి పెడితే ఎట్లా ఉంటావో అదీ అట్లాగే ఉంటుంది మరి అన్నారు. తుడిచేసిన బోర్డు మీద మళ్లీ సుద్దముక్కతో కార్నివోర్, మాంసాహారి అని రాశారు. దానికి నమిలే పని లేదు, చీల్చే పనే, అందుకే ఆ కోరపళ్లు, రదనికలు అన్నారు.

రదనికలు. ఇంటికొచ్చేదాకా ఆ మాట నోట్లోనే ఉంది. రాగానే గచ్చకాయను ఒళ్లో పడుకోబెట్టి నోరు తెరిచి చూశాను. పైన రెండు, కింద రెండు. ఇన్ని ఆయుధాలు పెట్టుకుని ఇన్నాళ్లూ మజ్జిగన్నం తింది పాపం.

వండి పెట్టాలా, పచ్చిదే పెట్టాలా అని కూడా మాస్టారిని అడిగాను. అడవిలో దానికి పొయ్యి ఎవరు వెలిగించారమ్మా అన్నారు.

ఫిబ్రవరి 15

లెక్కల పీరియడ్ అంతా ఎలక గురించి ఆలోచించాను. ఎలకంటే ఏమిటి? కండ. గుండె. కాస్త కార్జం. మెత్తటి ఎముకలు. నెత్తురు, నీళ్లు. ఉప్పు లేదు, పసుపు లేదు. గచ్చకాయ ఎలకను పట్టలేకపోతే నేనే ఒక ఎలకను తయారు చేయాలి. ఎముకకు బదులు కోడిగుడ్డు పెంకు ఎండబెట్టి పొడి చేస్తాను. పచ్చసొన కూడా వేస్తాను.

ఫిబ్రవరి 16

సిలార్ మావ మాంసం కొట్టు దగ్గరికి వెళ్లాను. ఏమేం పారేస్తావు మావా అని అడిగితే, ఏమే, మీ ఇంట్లో అంత కరువొచ్చిందా అన్నాడు. పిల్లికని చెప్పాను. ఊపిరితిత్తులు ఎవరూ కొనరట, కుక్కలకు వేస్తాడట. కుక్కల వాటా పిల్లికి పెడితే అవి నా మీదికొస్తయ్యే అన్నాడు గాని, ఇస్తానన్నాడు. గుండె, కార్జం మాత్రం ఊరికే రావు. నాకు వెంకయ్య గారి కళ్లంలో మిరపకాయల తొడిమలు తీసిన కూలి ఉంది కదా.

వెళ్లేటప్పుడు పిలిచి, కోసిన గంటలో పెట్టెయ్యాలి, ఎండకు పాడయిందా, పిల్లి సంగతేమో గాని మీ అమ్మ నన్ను కోసుద్ది అన్నాడు.

ఫిబ్రవరి 17, శుక్రవారం

మొదటి రోజా. అమ్మ పొద్దున్నే మొదలుపెట్టింది. మనుషులు పస్తుంటే పిల్లికి మాంసమా అంది. రోజా నాకు గాని దానికి కాదు గదా అన్నాను. ఆ నోటికి కూడా రోజా ఉండాలి తెలుసా అంది.

నేను నీళ్లు తెచ్చుకునేలోపల అమ్మ అలవాటు కొద్దీ మాంసంలో ఉప్పూ పసుపూ వేసేసింది. కడగకుండా ఎట్లా పెడతావే అంది. మళ్లీ సిలార్ మావ దగ్గరికి పరిగెత్తాను. ఈసారి ఎవర్నీ ముట్టనివ్వలేదు. నేనే కత్తిపీట మీద సన్నగా తరిగి, పెంకు పొడి, సొన కలిపి, చేత్తో ఉండలు చేసి పెట్టాను.

గచ్చకాయ వాసన చూసింది. కళ్లు పెద్దవయ్యాయి. ఒక ఉండ నోట్లో వేసుకుంది. వెంటనే కక్కేసి, తల విదిలించి, చొంగ కార్చుకుంటూ బస్తాల వెనక్కి పోయింది.

అప్పుడే వెంకయ్య గారు వచ్చారు. మొహిద్దీనూ, మీ అమ్మాయి పెద్ద చదువులు చదువుతోంది గాని ఆ చదువు పిల్లికి రాలేదయ్యా అన్నారు.

ఫిబ్రవరి 19

ఇవాళ కూడా కక్కేసింది. మజ్జిగన్నం పెడితే నెమ్మదిగా తింది.

ఫిబ్రవరి 22, సాయంత్రం

తెలిసింది!

బడి నుంచి వచ్చి కళ్లంలో మిరపకాయల తొడిమలు తీసి, సబ్బుతో చేతులు కడుక్కుని, పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. కంట్లో నలుసు పడినట్టుంటే నలుపుకున్నాను. అంతే. గంటసేపు కన్ను తెరవలేకపోయాను. అమ్మ చీర కొంగు తడిపి అద్దుతూ, కారం చేతులని ఎన్నిసార్లు చెప్పాలే నీకు అంది.

కారం చేతులు.

ఈ ఊళ్లో అందరివీ కారం చేతులే. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను కాబట్టి నాకు కనిపించలేదు. నేను ఉండలు చేసింది ఈ చేతులతో. తరిగింది ఎండుమిరపకాయలు కోసే కత్తిపీట మీద. పెంకు పొడి చేసింది కారం దంచే రోట్లో. గచ్చకాయ మాంసం ఎప్పుడు వద్దంది? దానికి నేను మిరపకాయలు పెట్టాను.

ఒక కన్నుతో రాస్తున్నాను. అయినా నవ్వొస్తోంది.

ఫిబ్రవరి 23

కత్తిపీట వద్దు. నాయన గోనెల కుట్లు కోసే చాకు ఉంది, దాన్ని బూడిదతో తోమాను. రోలు వద్దు. వాగులోంచి ఒక నున్నటి రాయి, ఒక రాతి పలక తెచ్చుకున్నాను. ఇక చేతులు. నూనె రాసి, మజ్జిగలో ముంచి, మళ్లీ సబ్బు. రోజా విడిచాక వేలు నాలుకకు తాకించి చూస్తే ఇంకా చురచురమంది. రోజూ కళ్లానికి పోతే ఎంత కడిగినా ఇంతే.

కళ్లానికి పోనంటే అమ్మ ఒప్పుకోదు. నాకూ గుండె, కార్జం కొనడానికి కూలి కావాలి. అందుకని ఒక చేయి కళ్లానికి, ఒక చేయి పిల్లికి.

పాత దిండు గలీబు కత్తిరించి ఎడమ చేతికి సంచీ కుట్టుకున్నాను. అమ్మ చూసి ఎందుకో అడిగి, ఎడమ చేత్తో ఒక ప్రాణికి తిండి పెడతావా, ఏం బుద్ధే నీది అంది. అది నిజమే. సంచీ కుడి చేతికి మార్చాను. మిరపకాయలు ఎడమ చేత్తోనే తీస్తాను.

ఫిబ్రవరి 24

కళ్లంలో అందరూ నన్నే చూశారు. కుడి చేతికి మణికట్టు దాకా సంచీ, ఎడమ చేత్తో తొడిమలు. కాయను కాలి వేళ్లతో అదిమి తొడిమ లాగాలి. అందరివీ రెండేసి గంపలు నిండేసరికి నాది సగం.

లాల్‌బీ నోరు ముందు లేచింది. ఆమెకు పాకే పిల్లాడు, గట్టు మీద గుడ్డ ఉయ్యాల్లో ఉంటాడు. ఏమే నసీమా, ఆ చేతికి పెళ్లా, గోరింటాకు పెట్టి కట్టారా అంది. పిల్లి కోసమని ఎవరో చెప్పారు. అయితే నా కొడుక్కి లేని మర్యాద నీ పిల్లికొచ్చిందన్నమాట అంది. అందరూ నవ్వారు. నేను తల వంచలేదు. ఎడమ చేత్తో ఇంకో కాయ తీసుకున్నాను.

ఫిబ్రవరి 26, ఆదివారం

తింది.

ఎడమ చేతిలో కందిపుల్ల పట్టుకుని దాంతో మాంసాన్ని అదిమి, కుడి చేత్తో చాకు పట్టి కోశాను. గుండె ముక్క, ఊపిరితిత్తి, చిన్న కార్జం ముక్క. పలక మీద నూరిన పెంకు పొడి, సొన, కాసిని నీళ్లు. ముందుగా వేలు నాలుకకు తాకించుకోవడానికి లేదు, రోజా. అల్లా మీద వదిలేసి పెట్టాను.

గచ్చకాయ ఒక ఉండ మీద పాదం వేసి, తల పక్కకు వంచి కొరికింది. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. గుర్రు కాదు, అరుపు కాదు. దానికి తెలుగులో మాట ఉందేమో వెతకాలి. పలక నాకి, నా కుడి చేయి నాకింది. నాలుక గరుకుగా ఉంది.

మార్చి 2

కార్జం ఎక్కువైంది. బస్తాల మధ్యంతా విరేచనాలు. దానికి కార్జం ఇష్టమని మూడు రోజులు అదే పెట్టాను. నాయన ఇసక పోసి ఎత్తిపోశాడు. అమ్మ తిట్టింది. బాగానే తిట్టింది.

ఎలకలో కార్జం ఎంత ఉంటుంది? గోరంత. కార్నివోర్ అన్న మాట నేర్చుకున్నంత తేలిక్కాదు వండకుండా వండడం.

మార్చి 8

వెంకయ్య గారు కళ్లానికి వచ్చి నా గంప చూశారు. ఒంటి చేతి కూలి నాకెందుకయ్యా మొహిద్దీనూ, రేపట్నుంచి ఈ అమ్మాయిని రానివ్వకు అన్నారు. నాయన నా వైపు చూశాడు, ఊరుకోమన్నట్టు.

నేను లేచి నిలబడ్డాను. గంపకింత అన్నది మీరే కదండీ, చేతికింత అనలేదుగా అన్నాను. సగం గంపకు సగమే ఇస్తున్నారు, మీకు పోయిందేముందండీ అన్నాను.

ఆయన నాయన వైపు తిరిగారు. మొహిద్దీనూ, దీన్ని ప్లీడరు చదువుకు పంపు, నాకు వ్యతిరేకంగా మాత్రం పెట్టకు అన్నారు. రావద్దని మళ్లీ అనలేదు. అయితే పోతూ పోతూ, లారీ మాత్రం ఆగదమ్మాయ్, గండుపిల్లికి మాట ఇచ్చేశాను అన్నారు.

ఇంటికొచ్చి రోజా విడిచేటప్పుడు నాయన తన ఖర్జూరం సగం నా పళ్లెంలో పెట్టాడు.

మార్చి 13

తోక మీద నూగు వచ్చింది. గచ్చకాయ రంగులోనే, దూది కంటే మెత్తగా. ఇవాళ నడుమెత్తు బస్తా ఎక్కింది. ఎక్కి, నాకేమీ తెలియదన్నట్టు కూర్చుంది.

రెండు ఎలకలు పట్టిందని నాయన చెప్పాడు. వెంకయ్య గారికి చెబితే, నువ్వు పట్టి దాని పేరు చెబుతున్నావేమో అన్నారట.

ఇంకా గోనెలోనే పోవాలట.

మార్చి 20, సోమవారం

పండగ అయిపోయింది. లారీ వచ్చింది. బడికి పోలేదు. అమ్మ పొమ్మంది, పోలేదు.

మిరపకాయ బస్తాలు ఎక్కించాక వెంకయ్య గారు కొట్టు తలుపులు మూయించారు. లోపల ఆయన, డ్రైవరు ఏసోబు, నాయన, నేను. నాయన చేతిలో గోనె. గచ్చకాయ తలుపు దగ్గరే కూర్చుని పాదం నాక్కుంటోంది. నెల కిందట అయితే సంకలో పెట్టుకుని ఎత్తుకుపోయేవాళ్లు. ఎత్తుకుని పారిపోదామా అనుకున్నాను.

ఏసోబు చప్పట్లు కొట్టి, రావే తల్లీ, కృష్ణ చూపిస్తా అన్నాడు. వంగి చేయి చాపాడు.

అది అక్కడ లేదు.

బస్తా మీద ఉంది. అక్కణ్నుంచి పై బస్తా మీద. అక్కణ్నుంచి నిట్టాడు స్తంభం మీద. ఏసోబు ఎక్కాడు. అది అతని భుజం మీద కాలు పెట్టి అవతలికి దూకింది. అతను పత్తిగింజల్లో మోకాళ్ల దాకా కూరుకుపోయాడు. వెంకయ్య గారు కర్ర తెమ్మన్నారు. కర్ర తెచ్చేలోపు అది దూలం మీద ఉంది. ఏసోబు ఈసారి బస్తాలెక్కి, దూలం మీంచి వేలాడుతున్న తోక పట్టుకున్నాడు. నాలుగు రదనికలూ పని చేశాయి. ముంజేతికి గుడ్డ చుట్టుకుంటూ, బాబుగారూ, ఇది పిల్లి కాదండీ, నన్నొదిలెయ్యండి, లారీకి ఆలస్యమవుతోంది అన్నాడు.

వెంకయ్య గారు చెమటలు కక్కుతూ, నువ్వేం చేస్తున్నావయ్యా మొహిద్దీనూ, గోనె పట్టు అన్నారు. నాయన సరేనండి అన్నాడు. పట్టాడు కూడా. మూతి కిందికి పెట్టి పట్టాడు.

వెంకయ్య గారు ఆ గోనెను చూశారు, నాయన్ని చూశారు, దూలం మీదికి చూశారు. చివరికి కర్ర పారేశారు. దీన్నే పట్టుకోలేకపోతున్నాం, దీన్నుంచి ఎలక ఏం తప్పించుకుంటుందిలే అన్నారు. ఆ పెదకాకాని వాళ్లకు కబురు పెట్టు, పిల్లి అక్కర్లేదని అన్నారు.

లారీ పోయింది. ఖాళీ గోనె తీసుకుని అమ్మ గుమ్మం ముందు వేసి కాళ్లు తుడుచుకుంది.

గచ్చకాయ సాయంత్రం దాకా దిగలేదు. దిగాక గుండె ముక్కలు పెట్టాను.

మార్చి 22

పిల్లి బాగుపడిందిగా, ఇక ఆ సంచీ విప్పు అన్నారు కళ్లంలో. విప్పలేదు. అది రేపు కూడా తింటుంది.

లాల్‌బీ ఆలస్యంగా వచ్చి నా పక్కన కూర్చుంది. ఉయ్యాల్లో పిల్లాడు ఏడిస్తే లేచి వెళ్లి కుడి చేత్తో ముక్కు తుడిచింది, కళ్లు తుడిచింది. వాడు ఊరుకున్నాడు. తిరిగి వచ్చి ఎడమ చేత్తో కాయ తీసుకుంది. కుడి చేతికి సంచీ ఉంది, చీర అంచు గుడ్డది.

నా కాలి వైపు చూసి, కాలితో ఎట్లా అదుముతావో చూపించవే అంది.