వంకర కమ్మి

ప్రియమైన బుడ్డోడికి,

నువ్వు కళ్లద్దాల దుకాణంలో పనికని ఊరు మారి మూడు నెలలు కాలేదు, మనిద్దరం కలిసి కట్టిన బొమ్మ హెలికాప్టర్‌కి అప్పుడే నీ మీద బెంగ పట్టుకుంది. మోకాలెత్తు లేపగానే తోక చేపలా అటూ ఇటూ టపటపా కొట్టుకుంటోంది. మీ బావ గోడ చాటున నిలబడి "దించెయ్, దించెయ్" అని ఒకటే గోల. ఆయన ధైర్యం నీకు తెలిసిందే.

కుట్టు ఫ్యాక్టరీలో అంతా మామూలే. కాకపోతే నేను కత్తిరించిన రెండు చొక్కాల పట్టీలు వంకరపోయాయని సూపర్‌వైజర్ మొహం మాడ్చుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా సుద్దగీత లేకుండా కోస్తున్న చెయ్యి నాది. కన్నునే నమ్ముకుని బతుకుతున్నాను, నాకు తెలియదా? బట్టలోనే ఏదో తేడా ఉంది.

తోక సంగతి వెంటనే రాయి.

నీ కత్తెరక్క

*

ప్రియమైన కత్తెరక్కకి,

బెంగ నీది, నెపం హెలికాప్టర్ మీదా? సరేలే, విను.

పెద్ద రెక్కలు విప్పేసి దాన్ని బల్ల మీద పెట్టు. తోకని చేత్తో గబుక్కున పక్కకి తిప్పు. తోకని నిలకడగా ఉంచే గైరో ఆ తిప్పుడుకి ఎదురు తిరగాలి. వంత పాడిందా, దాన్ని అసలు లేపొద్దు. తర్వాత, మోటారు నుంచి తోక దాకా వెళ్లే సన్నని కమ్మి ఉంది కదా, అది ఒక్క వేలితో నెడితే జారిపోవాలి. ఎక్కడ కాస్త పట్టేసినా తోక మన మాట వినదు. ఈ రెండూ బాగుంటే గైరోకి చురుకు ఎక్కువైందని అర్థం. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడుతోందన్నమాట. రిమోట్‌లో ఆ చురుకుని, అదే గెయిన్‌ని, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రా.

లేపాక తోకని కాదు, ముక్కుని చూడు. ప్రతిసారీ చెబుతాను, ప్రతిసారీ మర్చిపోతావు. బావకి చెప్పు, ఆ గోడ గట్టిదేనని.

నీ మాటలు పడటానికి పుట్టిన బుడ్డోడు

*

ప్రియమైన బుడ్డోడికి,

గైరో ఎదురే తిరిగింది, కమ్మి వెన్నలా జారింది, గెయిన్ తగ్గించగానే కొట్టుకోవడం ఆగింది. నిన్ను మెచ్చుకుందామని కలం తీసేలోపే ఇంకో తంటా.

అలవాటు కొద్దీ ఎడమ కన్ను మూసి, తోక గొట్టం వెంట ఒకసారి చూశాను. మధ్యలో వంకర! కొత్తది కొన్నాను, అదీ వంకరే. దుకాణం ఆయన్ని నలుగురిలో కడిగేశాను. ఆయన ఇంకోటి ఇచ్చాడు. అదీ అంతే! సన్నని కమ్మి కూడా అలాగే ఉంటే, పటకారు తీసుకుని మూడు చోట్ల వంచి నేనే తిన్నగా చేశాను. అప్పటి నుంచి తోక నెమ్మదిగా ఒక పక్కకి జరిగి, ఉన్నట్టుండి వెనక్కి గుంజుకుంటోంది.

ఒక గొట్టం నీకు పంపుతున్నాను. ఎంత మోసమో నువ్వే చూడు. ఇక్కడ మీ బావ "గొట్టం బాగానే ఉందే" అంటాడు. ఆయనకి ఏది బాగాలేదని!

కోపంలో ఉన్న నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

గొట్టం అందింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

దీంతో ఒక గళ్ల కాగితం పెట్టాను. నడుమ చుక్క ఉంది. గోడకి అంటించి, నువ్వెప్పుడూ గురి చూసే కుడి కన్నుతో మాత్రమే ఆ చుక్కని చూడు. గళ్లు ఎలా కనిపించాయో ఉన్నదున్నట్టు రాయి. ఎందుకని అడక్కు. తమ్ముడి మాట ఒక్కసారి వింటే ఏమీ పోదు.

బుడ్డోడు

*

ప్రియమైన తెలివితక్కువ బుడ్డోడికి,

ఇదేం కాగితంరా? చుక్క పక్కన గీతలన్నీ తడిసిన బట్టలా ముడతలు పడి ఉన్నాయి. ఒక గడి అయితే సగం చెరిగిపోయింది. అద్దాలు కోసేవాడివి, నాలుగు గీతలు తిన్నగా గీయలేవా? దీన్ని పెట్టుకుని తోక సరిచేస్తే హెలికాప్టర్ నేరుగా మీ బావ నెత్తి మీదే దిగుతుంది.

గొట్టం గురించి ఒక్క ముక్కా రాయలేదేం?

అక్క

*

అక్కా,

ఆ గీతలు స్టీలు స్కేలు పెట్టి గీశాను. తిన్నగానే ఉన్నాయి. నీ గొట్టాన్ని మా దుకాణంలో మందపాటి అద్దం మీద దొర్లించాను. కింద వెంట్రుక దూరేంత సందు కూడా లేదు. గొట్టంలో ఏ వంకరా లేదు. బట్టలోనూ లేదు.

కుడి కన్ను మూసి, ఎడమ కన్నుతో ఆ కాగితం చూడు. చూశాక వాదించకు. రేపే సెలవు పెట్టి, బావని తీసుకుని కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లు. చిన్నప్పుడు నా చొక్కా గుండీలన్నీ కుట్టింది నీ కళ్లే. నీ కంటికి వంక పెట్టడానికి నాకు నోరు రావడం లేదు. భయంగా ఉందక్కా, వెళ్లు.

బుడ్డోడు

*

ప్రియమైన నా బుడ్డోడికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మనసులోనే పోట్లాడాను. ఎడమ కన్నుతో చూస్తే గీతలు దారం లాగి కట్టినట్టు ఉన్నాయి. అందుకే కోపం. మూడో రోజు వెళ్లాను. కుడి కంటి లోపలి పొరలో నీరు చేరిందట. రెండు కళ్లూ తెరిచి ఉంటే ఎడమది సర్దుకుపోతోంది కాబట్టి ఇన్నాళ్లూ తెలియలేదట. ఇంకో రెండు నెలలు ఆలస్యమైతే ఆ కన్ను మీద ఆశ వదులుకోవాల్సి వచ్చేదన్నారు. కంట్లో సూది అనగానే మీ బావ కుర్చీలో కూలబడ్డాడు. నర్సు నన్ను వదిలేసి ముందు ఆయనకి నీళ్లు పట్టింది. ఇప్పటికి రెండు సూదులయ్యాయి.

దుకాణం ఆయనకి క్షమాపణ చెప్పాను. అదీ నలుగురిలోనే. ఫ్యాక్టరీలో సుద్దగీత గీసి కోస్తున్నాను. మొదటిరోజు ఏడుపొచ్చింది, ఇప్పుడు రావడం లేదు. కొత్త కమ్మిని నీలాగే అద్దం మీద దొర్లించి చూసి బిగించాను. నిన్న తోక మేకు కొట్టినట్టు నిలబడింది. మీ బావ గోడ చాటు నుంచి రెండడుగులు ముందుకి వచ్చాడు కూడా.

నేను పటకారుతో వంచిన పాత కమ్మిని పారేయలేదు. కిటికీ మీద పెట్టుకున్నాను. దాన్ని నా కుడి కంటికి తిన్నగా కనిపించేలా వంచాను కదా, రోజూ పొద్దున లేవగానే ఎడమ కన్ను మూసి దాన్నే చూస్తున్నాను. మొదటి సూదికి ముందు తిన్నగానే ఉంది. పోయిన వారం కూడా అంతే.

ఇవాళ పొద్దున అది కాస్త వంకరగా కనిపించిందిరా.

నీ మాట విన్న కత్తెరక్క