ఏడో నంబరు గ్యాంగు

కిరండూల్,
జూన్ 3

టీవీలో చరిత్ర కార్యక్రమం రాసే కరుణశ్రీ గారికి,

రిటైరైన రైల్వే గ్యాంగు మేటు బంగారురాజు నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా.

నిన్న మీరు చూపించిన 1981 నాటి ఫోటోలో, పలక మీద "ఏడో నంబరు గ్యాంగు" అని ఉంది. దాన్ని "అడవిలో రైళ్ళు దోచిన ముఠా" అన్నారు. అమ్మా, అది పట్టాలు బాగుచేసే గ్యాంగు! ఎడమ నుంచి రెండోవాడు జోగ, మా కీమన్. రోజూ సుత్తి భుజాన వేసుకుని, వానైనా ఎండైనా లైను వెంట నడిచి కీలు సరిచూసేవాడు. వాడు పోయి పదేళ్ళయినా, బండి కూత వింటే నాకు వాడి నడకే గుర్తొస్తుంది. వాడి భార్య గంగే ఎర్రబోరులో ఉంటుంది. మొగుణ్ణి దొంగని చేశారని తెలిస్తే ఏమైపోతుంది? సరిచేయండి.

ఇట్లు,
బంగారురాజు

తా.క. గునపంతో మధ్యలో నిలబడ్డవాణ్ణి నేనే. అప్పుడు జుట్టుండేది.

హైదరాబాదు,
జూన్ 12

గౌరవనీయులైన బంగారురాజు గారికి,

ముఠా సభ్యులొకరు ఇంత ధైర్యంగా నేరం ఒప్పుకోవడం మా కార్యక్రమంలో ఇదే మొదటిసారి. తాళాలు తీయడంలో దిట్ట అయిన జోగ గారి మీద ప్రత్యేక భాగం సిద్ధం చేస్తున్నాం. ఏయే తాళాలు తీసేవారో తెలపగలరు.

భవదీయురాలు,
కరుణశ్రీ

తా.క. ఆ గునపం ఇంకా ఉందా? కెమెరా ముందు పట్టుకుంటే బాగుంటుంది.

కిరండూల్,
జూన్ 20

తల్లీ కరుణశ్రీ,

కీ అంటే తాళంచెవి కాదమ్మా! పట్టా కదలకుండా బిగించే ఇనప చీల. అది వదులైతే బండి బోల్తా పడుతుంది. ఆ రోజుల్లో మీ పెద్దవాళ్ళెవరైనా మా కిరండూల్ లైన్లో రైలెక్కి అరకు చూసి క్షేమంగా ఇల్లు చేరారంటే అది మా జోగలాంటి వాళ్ళ చలవే.

ఇట్లు కోపంతో,
బంగారురాజు

తా.క. గునపం రైల్వేవారిది. రిటైరైన రోజే అప్పగించాను. దొంగలు అలా చేస్తారా?

హైదరాబాదు,
జూన్ 29

బంగారురాజు గారికి,

క్షమించండి. గ్యాంగు అంటే నాకు సినిమాల్లో చూసిందే తెలుసు. ఈ ఆదివారం నుంచి ఆ భాగం ఫోటోతో సహా ఎక్కడా కనిపించకుండా తీసేస్తున్నాం. గంగే గారికి మా క్షమాపణ చెప్పండి.

మీ,
కరుణశ్రీ

తా.క. ఈసారి అరకు వెళ్తే పట్టాలకు దణ్ణం పెట్టుకుంటాను.

కిరండూల్,
జూలై 8

అమ్మా కరుణశ్రీకి ఆశీస్సులు.

మీ క్షమాపణ చెప్పడానికి ఎర్రబోరు వెళ్ళాను. గంగేకి మొదటినుంచీ అంతా తెలుసట. మనవరాలు మీనా రోజూ ఫోన్లో మీ కార్యక్రమం పెట్టి చూపించేదట. "నిజంగ దొంగైతే నాకొక్క మంచి చీరన్న తెచ్చెటోడు కదా!" అని నవ్వింది. తర్వాత ఏడ్చింది. వాళ్ళింట్లో జోగ ఫోటో ఒక్కటీ లేదు. ఆదివారం నుంచి ఫోను పట్టుకుని, "మా మనిషి ఏడబోయిండు?" అని అడుగుతోందట. తీయించింది నేనేనని చెప్పకుండానే వచ్చేశాను.

మళ్ళీ పెట్టండమ్మా.

ఇట్లు,
బంగారురాజు

తా.క. దొంగ లేకపోతే కార్యక్రమం నడవదంటే, నా పేరు వేసుకోండి.