రెండు ఎర్తుల ఇల్లు

చిత్తూరు,
21-2-2025, శుక్రవారం.

తిరుపతి అలిపిరి రోడ్డులో కాపురముండే మునిచంద్రకు చిత్తూరు వలి బాషా సలాము చేసి రాయునది. ఇక్కడ నేనూ, నా మోకాళ్లూ దేవుడి దయవల్ల ఉన్నాం. అక్కడ నువ్వూ, చెల్లెమ్మ చంద్రకాంతమ్మా, మరీ ముఖ్యంగా నీ చెవులూ క్షేమమని తలుస్తాను. ఫోను చేయవచ్చు కదా అనకు. ఫోనులో నువ్వు మాట నమిలి మింగుతావు. మా ఇంట్లోవాళ్లు కూడా ఈ మధ్య గొణగడం నేర్చుకున్నారు. కాగితమైతే గొణగదు. నా రాత కోడి గీకినట్టు ఉంటుంది, కూడబలుక్కుని చదువుకో.

విషయానికి వస్తాను. పోయిన ఆదివారం నువ్వు మా ఇంటికొచ్చి చేసిన పని నాకు నచ్చలేదు.

నా మనవరాలు అఖ్సా మిద్దె మీది గదిలో పాటలు రికార్డు చేసుకోవడానికి స్టూడియో పెట్టుకుంది. ఒక కీబోర్డు, ఒక కంప్యూటరు, రెంటినీ కలిపే చిన్న పెట్టె, రెండు స్పీకర్లు. చీరల అంగడి వాళ్లు ప్రచారానికి పాట అడిగారు. అది దాని మొదటి పని. పాట బాగుంది గానీ వెనకాల గుయ్‌మంటోందని తిప్పి పంపారు. "దాదా, పాట కింద తేనెటీగ దూరినట్టుండాది, ఏంజేసేది?" అని పిల్ల వచ్చి అడిగింది నన్నే. గుర్తుపెట్టుకో, మొదట అడిగింది నన్నే. నీతో కలిసి ముప్పై ఏళ్లు మైకుసెట్టు నడిపినవాణ్ణి, చేతులు ముడుచుకుని కూర్చుంటానా?

మనకు తెలిసిన మందే వేశాను. జాతరలో మైకు గుయ్‌మంటే ఏం చేసేవాళ్లం? గుంత తీసి, ఉప్పూ బొగ్గులూ వేసి, ఇనుప కడ్డీ పాతి ఎర్తు కట్టేవాళ్లం. బట్టలుతికే బండ పక్కన అదే చేసి, తీగను మిద్దె మీదికి లాగి ఆ చిన్న పెట్టెకు బిగించాను. రోజూ పొద్దున్నే గుంతలో చెంబెడు నీళ్లు పోశాను. కీబోర్డు తీగ పొట్టిగా ఉందని, మన పాత సామానులోంచి పొడుగాటిది తీసి, నా చేత్తో టంకం వేసి ఇచ్చాను. తీగలన్నీ చిందరవందరగా ఉంటే, దాన్నీ కరెంటు తీగనూ కలిపి జడ అల్లినట్టు కట్టాను. చూడముచ్చటగా ఉండింది.

గుయ్ రెండింతలైందన్నది పిల్ల. "యాడుండాదే? నీ చెవుల్లో ఉండాది" అన్నాను. మరుసటి రోజే నీకు ఫోను పోయింది.

నువ్వొచ్చావు. గది నడుమ కొంగలాగా తల వాల్చి నిలబడ్డావు. "బాషా, ఎర్తు రెండైనాయప్పా. గోడ ప్లగ్గులో ఒకటి, గుంతలో ఒకటి. ఇద్దరత్తల నడాన కోడలి మాదిరి ఈ తీగ ఆడిదీ ఈడిదీ మోసి మోసి ఏడస్తా ఉండాది" అన్నావు. అఖ్సా పకపకా నవ్వింది. నేను కట్టిన ఎర్తు తీగను నా ముందే ఊడబెరికావు. అన్నిటినీ ఒకే ప్లగ్గు బోర్డుకు తగిలించావు. ప్లగ్గుకుండే మూడో పుల్ల, ఆ ఎర్తు పుల్ల విరిచేస్తే పోలేదా, జాతరలో విరిచేవాళ్లం కదా అని నేనంటే, "అది పాణం కాసే పుల్లబ్బా, దాని జోలికి పోవద్దు" అని పిల్ల ముందు నన్ను గదమాయించావు. నేను అల్లిన జడ విప్పావు. కరెంటు తీగను ఒక గోడకు, పాట తీగను ఇంకో గోడకు తోశావు. దాటక తప్పని చోట కూడిక గుర్తులాగా అడ్డంగా దాటించావు. నా పొడుగు తీగను చుట్టి మూల పడేసి, మూరెడు తీగ పెట్టావు. ఆపైన పాఠం ఒకటి. "సూడు పాపా, దీంట్లో నరం ఒకటే, దాని మీద వల. ఆ వలే కాపలా, ఆ వలే తిరుగుదారి. రెండు నరాల తీగైతే రొదను అదే కొట్టేసుకుంటాది. నీ కీబోర్డుకు ఆ యోగం లేదు. అందుకని పొట్టిగా పెట్టుకో, కరెంటుకు ఎడంగా పెట్టుకో." పిల్ల నోరు తెరుచుకుని విన్నది. నా మాట అట్లా విన్న రోజు లేదు.

సరే, గుయ్ పోయిందట. అంగడివాళ్లు పాట తీసుకున్నారట. అయినా మునిచంద్రా, నాకు కడుపు మండుతోంది, దాచుకోను. అఖ్సా టీ మొదట నీకిచ్చింది. నా కుర్చీ నీకు వేసింది. మా కోడలు ఆయిషా బీ పాయా మారు వడ్డిస్తే, వద్దు వద్దంటూనే గిన్నె నాకావు. నువ్వు బస్సెక్కాక మనవరాలు ఏమన్నదో తెలుసా? "ముని తాత చెవి బంగారం దాదా" అన్నది. బంగారమట!

గంగజాతరలో మన పద్ధతి మరిచావా? జనంలో నిలబడి, మైకు కూత పెడితే తువ్వాలెత్తేవాడివి నువ్వు. అది చూసి మైకుసెట్టు పెట్టె దగ్గర మీట తిప్పేవాణ్ణి నేను. పెట్టె మీద చెయ్యి ఎప్పుడూ నాదే. ఆ తువ్వాలెత్తేవాడు ఇప్పుడు నా ఇంట్లో, నా కుర్చీలో, పెట్టె ముందు కూర్చున్నాడు. ఒక ఇంటికి రెండు ఎర్తులు పనికిరావన్నది నువ్వే. ఈ ఇంటికి ఎర్తు నేను. ఇకమీదట అఖ్సా పిలిచినా రావద్దు.

చెల్లెమ్మను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
నీ మీద కోపం ఇంకా ఆరని
వలి బాషా

తా.క.: కవరు అంటించి మళ్లీ విప్పాను. నువ్వు తీగ పెరకక ముందు అఖ్సా హెడ్‌ఫోను తెచ్చి నా తలకు పెట్టింది. పెరికాక మళ్లీ పెట్టింది. "ఇప్పుడు తేడా తెలస్తా ఉండాదా దాదా?" అంటే తెలుస్తోందని తలూపాను. అబద్ధం. నాకు రెండూ ఒకటే. పాట వినపడింది, గుయ్ మాత్రం మొదటి నుంచీ వినపడనే లేదు. పిల్లకు చెప్పావంటే నా మీద ఒట్టు. ఎల్లుండి కాదు, ఆ పై ఆదివారం అది ఇంకో పాట చేస్తోంది, పక్కన కూర్చుని విని చెప్పమని నన్నే అడిగింది. రా. పిల్ల వీపు వెనకాల, నాకు కనపడేట్టు నిలబడు. గుయ్ వస్తే తువ్వాలెత్తు.