పెద్ద బండి, వెనక సీటు

చౌల్దారీ,
జూన్, ఆదివారం సాయంత్రం

మా వారు ఏలీయా గారికి మేరమ్మ వందనాలు. ప్రభువు కృప వల్ల నేను బాగున్నాను, కోళ్ళు బాగున్నాయి. మీరూ క్యాంబెల్ బేలో డ్యూటీ చేసుకుంటూ బాగున్నారని తలుస్తాను.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరం ఏమిటి అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. కాని మీ ఫోను సంగతి మీకు తెలియంది కాదు. సిగ్నల్ దొరకాలంటే మీరు పవర్‌హౌస్ వెనక మెట్ల మీదికి ఎక్కాలి. గాలికి వినపడక స్పీకర్ పెట్టాలి. నేను "ఏమండీ" అంటే చాలు, మీ చుట్టూ ఉన్న వాళ్ళంతా "నమస్తే భాభీ" అంటారు. మొన్న మీరు "పాత బండి ఇచ్చేసి పెద్ద టూరింగ్ బండి తీసుకుందామా?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోగా ఎవరో "లే లో భాభీ, లే లో" అని తీసుకోమన్నారు. అంతమందిలో మీకు జవాబు చెప్పడం నాకు చేతకాదు. అందుకే కలం పట్టాను.

టూరింగ్ అంటే దూరాలు తిరిగే బండి అని పక్కింటి యర్రమ్మ చెప్పింది. ఏ దూరాలండీ? మన దీవిలో ఎటు వెళ్ళినా చివర సముద్రమే. మీరున్న దీవిలో మరీను. మనం తిరిగేది చర్చికి, అప్పుడప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో అబర్డీన్ బజార్‌కి. దానికి ఈ బండి చాలదా? మన పెళ్ళి నుంచి ఇది రెండో బండి. దీనికి ఏం వచ్చిందని?

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో కీర్తన చదివేటప్పుడు మీ వచనమూ నా వచనమూ రెండూ నేనే చదువుతున్నాను. మీ వచనం దగ్గర గొంతు కొంచెం పెంచుతున్నాను.

పెద్ద బండి సంగతి ప్రార్థన చేసి చెబుతాను.

ఇట్లు,
మీ మేరమ్మ

తా.క. మీరు చెప్పినట్టే ప్రతి ఆదివారం పాత బండిని కిక్ కొట్టి స్టార్ట్ చేస్తున్నాను. సీటు మీద కూర్చునే కోడిని ముందు దింపాలి, అది చేతిని పొడుస్తుంది. యర్రమ్మ గోడ మీంచి చూసి, "అక్కా, బావ మీద కోపం బండి మీద సూపెడతన్నావేటి" అంది.

*

క్యాంబెల్ బే,
జూన్ నెలాఖరు

మేరమ్మకు,

నీ ఉత్తరం ఓడ దిగింది. సంతోషం. ఆఫీసులో అంతా హిందీయే కాబట్టి నాకు తెలుగు రాసే అలవాటు పోయింది. తప్పులుంటే సర్దుకో.

ప్రార్థన చేసి చెబుతాను అన్నావు. అంటే వద్దని. నాకు తెలియదా? మన సంఘంలో ఎవరైనా ఏదైనా వద్దనాలంటే ఆ మాటే అంటారు. సభలకి వంట చేయమంటే ప్రార్థన చేసి చెబుతామంటారు. మన ఊరి నూకన్న మనకి మేకపిల్లని అమ్మజూపితే నువ్వూ అదే అన్నావు. ఆ మేకకి మనవలు పుట్టారు, నీ ప్రార్థన ఇంకా అవలేదు.

ఇక్కడ నా క్వార్టర్ పక్కన ఒక సర్దార్జీ ఉన్నాడు. ఆయన తండ్రి మిలిటరీలో చేసి ఇక్కడ భూమి తీసుకుని స్థిరపడ్డాడు. సర్దార్జీకి అలాంటి పెద్ద బండే ఉంది. సాయంత్రాలు నన్ను వెనక ఎక్కించుకుని, రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో అక్కడిదాకా తీసుకెళ్తాడు. ఇద్దరం దిగి సముద్రాన్ని చూస్తాం. ఆయనకి ఆయన మనుషులు గుర్తొస్తారు, నాకు నా మనిషి. మళ్ళీ బండెక్కి తిరిగొస్తాం. ఆ వెనక సీటు మీద కూర్చున్నప్పుడే నాకీ ఆలోచన వచ్చింది.

ఎందుకో ఇప్పుడు చెప్పను. నువ్వే ఒకసారి పోర్ట్ బ్లెయిర్‌లో షోరూంకి వెళ్ళి చూడు. ముఖ్యంగా వెనక సీటు చూడు. అక్కడ రాజ్‌కిరణ్ అని ఒక కుర్రాడు ఉన్నాడు. చూశాక నిజంగా ప్రార్థన చెయ్యి.

ఏలీయా

తా.క. నేనూ కీర్తనలు చదువుతున్నాను. అలవాటు కొద్దీ ఒక వచనం చదివి, నువ్వు అందుకుంటావని ఆగుతాను. తర్వాత నా వచనం చదువుతాను. మధ్యది పోతోంది. దావీదు ఏం చెప్పదలచుకున్నాడో ఈ మధ్య నాకు బొత్తిగా అర్థం కావడం లేదు.

*

చౌల్దారీ,
జూలై, శుక్రవారం

ఏలీయా గారికి వందనాలు.

మీ మాట ప్రకారం వెళ్ళాను. అబర్డీన్ బజార్‌లో సండే స్కూలు పిల్లలకి పెన్సిళ్ళు కొని, ధైర్యం చేసి షోరూంలో అడుగు పెట్టాను. చర్చికి కట్టే తెల్ల చీర, భుజాన బైబిలు సంచి. రాజ్‌కిరణ్ లేచి నిలబడి, "ఆంటీ, చందాకి వచ్చారా?" అన్నాడు.

"కాదు బాబూ, పెద్ద బండి చూడాలి."

"ఎవరికి ఆంటీ? భయ్యాకా?"

"ఇంకా ఎవరికీ కాదు. వెనక సీటు చూపించు" అన్నాను. అతను ఇంజను గురించి మొదలుపెట్టాడు. "ఇంజను సంగతి మా వారు చూసుకుంటారు, నువ్వు సీటు చూపించు" అన్నాను. "అరే భాయ్, ఆంటీ బండిని పీఛే నుంచి కొంటోంది" అని లోపలి వాళ్ళకి చెప్పాడు. మంచి పిల్లాడే.

సీటు చాలా ఎత్తు. ఎక్కడానికి బల్ల వేశారు. ఈ బల్ల కూడా బండితో పాటు ఇస్తారా అని అడిగాను. ఇవ్వరట. నాకు హెల్మెట్ పెట్టి, తనూ పెట్టుకుని, ఒక చుట్టు తిప్పి తెచ్చాడు.

వీపుకి మెత్తని దిండు ఉంది. రెండు చేతులకీ రెండు ఇనప పిడులు ఉన్నాయి. గుంత వచ్చినా తెలియలేదు. కుర్చీలో కూర్చున్నట్టే, ముందున్న మనిషితో పనే లేదు. "ఎలా ఉంది ఆంటీ?" అంటే "ఏ లోటూ లేదు బాబూ" అన్నాను. నిజంగానే లేదు. నాకు మాత్రం నచ్చలేదు. ఎందుకని అడగకండి, చెప్పలేను.

బస్సులో ఇంటికి వస్తూ ఊరికే కళ్ళు తుడుచుకున్నాను. పక్క సీటులో ఆవిడ ఎవరో, ఏమీ అడగకుండా నా చేతిలో ఒక చాక్లెట్ పెట్టింది.

నిజంగా ప్రార్థన చెయ్యమన్నారు కాబట్టి నిన్న స్త్రీల కూడికలో మనవి పెట్టాను. బండి అని చెప్పడానికి సిగ్గేసి, "మా వారి గురించి, పైకి చెప్పలేని మనవి" అన్నాను. మన కూడికలో పైకి చెప్పని మనవికే ఎక్కువసేపు ప్రార్థిస్తారు. నిన్న మరీ ఎక్కువసేపు చేశారు.

ఇట్లు,
మీ మేరమ్మ

తా.క. రాజ్‌కిరణ్ ఆ చుట్టు తిప్పేటప్పుడు గడియార స్తంభం దగ్గర మన సంఘం ఆడవాళ్ళు ఎదురుపడ్డారు. బండి పైనుంచే వందనాలు చెప్పాను. వాళ్ళు బైబిలు సంచి చూసి నన్ను గుర్తుపట్టారు. కాని ఒక్కరూ తిరిగి వందనాలు చెప్పలేదు.

*

క్యాంబెల్ బే,
జూలై

మేరమ్మకు,

నీ ఉత్తరం రాలేదు. తపాలా సంచి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండిపోయిందట. ఓడలో నూకన్న మాత్రం వచ్చాడు.

జెట్టీ మీదే నా రెండు చేతులూ పట్టుకుని, "బావా, ఒంట్లో ఎలగుంది? గట్టిగుండు" అన్నాడు.

"నాకేమైందిరా?"

"నాకాడ దాచకు బావా. ఆడోళ్ళంతా నీ కోసం మోకాళ్ళేసి ఏడిసేరు. కొందరేమో పెద్ద రోగం అంతన్నారు. కొందరేమో ఇక్కడ ఇంకో కాపురం పెట్టేవంతన్నారు. ఏదైతేనేం, అక్క మాత్రం తేరుకుంది. పెద్ద బండి మీద, హెల్మెట్ కుర్రోడెనకాల కూకుని అబర్డీన్ బజార్లో తిరగతంది. మంచి కుషీగా ఉంది బావా."

మేరమ్మా, నేను ఉంటే నీకు పెద్ద బండి వద్దు. నేను లేకపోతే బజారంతా తిరగొచ్చు. ఇన్నేళ్ళూ నా వెనక కూర్చున్నావు, ప్రతి గుంతకీ బాధపడ్డావు. ఒక్కనాడైనా కుషీగా ఉన్నావని ఎవరూ వచ్చి నాతో చెప్పలేదు.

ఈ దీవిలో నా డ్యూటీ వంతు వచ్చే మార్చికి అయిపోతుంది. ఇంకో ఏడాది ఇక్కడే ఉండడానికి ఇష్టమున్న వాళ్ళు పేరివ్వండి అని ఆఫీసులో అడిగారు. ఈ రోజు ఇచ్చేశాను. పెద్ద బండి అక్కర్లేదు. పాత బండి కోడి పేరున రాసెయ్యి.

ఏలీయా

తా.క. ఆ కుర్రాడు నెమ్మదిగానే నడిపాడా?

*

చౌల్దారీ,
ఆగస్టు

ఏలీయా గారికి వందనాలు.

నా ఉత్తరం ఈపాటికి అంది ఉంటుంది. హెల్మెట్ కుర్రాడు మీరు చూడమన్న రాజ్‌కిరణే. ఫోను చేశాను, మీరు ఎత్తలేదు.

పేరు ఇచ్చానని రాశారు. మీకు అక్కడ నెమ్మదిగా ఉంటే ఉండండి. నేనేమీ అనను. ప్రార్థన చేస్తాను.

మీరు వస్తారని ముందు గదికి రంగు వేయించాను. ఎవరూ చూడకపోయినా బాగానే ఉంది. యర్రమ్మ గిన్నెతో వంకాయ కూర తెచ్చి, "మగోళ్ళంతే అక్కా, కుమిలిపోకు" అంది. ఎవరి గురించో నేను అడగలేదు. కూర బాగుంది.

కోపం వచ్చి, నిన్న కీర్తనలో మీ వచనాలు చదవకుండా వదిలేశాను. ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఇట్లు,
మేరమ్మ

తా.క. నెమ్మదిగానే నడిపాడు.

*

క్యాంబెల్ బే,
ఆగస్టు

మేరమ్మకు,

నీ రెండు ఉత్తరాలూ ఒకే సంచిలో వచ్చాయి. మొదటిది చదివి నవ్వాను. రెండోది చదివి మెట్ల మీద కూర్చుండిపోయాను. సర్దార్జీ వచ్చి "క్యా హువా?" అంటే "కుఛ్ నహీ, ఘర్ కీ బాత్" అని ఇంటి సంగతిగా తేల్చేశాను. ఆయన బండి తీసి, నన్ను ఎక్కించుకుని, రోడ్డు చివరిదాకా తీసుకెళ్ళి తెచ్చాడు.

ఎందుకో చెప్పను అన్నాను కదా. ఇప్పుడు చెబుతాను. ఇంటి నుంచి చర్చికి ఎన్ని గుంతలో, అన్ని గుంతలకీ నువ్వు నా వెనక "స్తోత్రం" అంటావు. అంత మెల్లగా, పళ్ళ బిగువున. నీ నడుం ఎంత నొప్పి పుడితే అలా అంటావో అని నేను నెమ్మది చేసేవాణ్ణి. ఎన్నాళ్ళని ఓర్చుకుంటావు? సర్దార్జీ బండి మీద ఆ దిండుకి ఆనుకున్నప్పుడు, ఇక్కడ నేను కాదు, నువ్వు కూర్చోవాలి అనిపించింది. చేతులు కూడా నా నడుం పట్టుకుని లాక్కుపోతాయి కదా, పిడి ఉంటే వాటికీ సుఖం. బండి నా కోసం కాదు. అది నచ్చలేదంటే ఇంక నా దగ్గర వేరే ఉపాయం లేదు.

ఇచ్చిన పేరు ఉంచాలో తీసెయ్యాలో వచ్చే ఓడకి చెప్పమన్నాడు గుమాస్తా. నువ్వు ఉండమంటే ఉంటాను, రమ్మంటే వస్తాను. ప్రార్థన చేసి చెబుతాను అని మాత్రం రాయకు. ప్రార్థన చెయ్యి. చేసి, చెప్పు.

ఏలీయా

తా.క. "నెమ్మదిగానే నడిపాడు" అన్న ముక్క నాలుగుసార్లు చదివాను. అంత నెమ్మదిగా వాడెందుకు నడపాలి?

*

చౌల్దారీ,
సెప్టెంబరు, ఆదివారం

ఏలీయా గారికి మీ మేరమ్మ వందనాలు.

రండి. పేరు తీసేసి మార్చికి వచ్చెయ్యండి. ముందు ఈ మాట రాసేస్తున్నాను. కింది సంగతి రాయడానికి ధైర్యం చాలకపోయినా ఇది మీకు అందాలి.

నాకు నడుం నొప్పి లేదండీ. స్తోత్రం అనేది నొప్పికి అనే మాటా? నలభై ఏళ్ళుగా చర్చికి వస్తున్న మనిషి అలా అనుకున్నారంటే పాస్టరు గారు వింటే ఏమంటారు?

ఇంట్లో మీరు తింటుంటే నేను వడ్డిస్తాను. చర్చిలో మీరు ఆ పక్క, నేను ఈ పక్క. దారిలో నడిస్తే మీరు ముందు, నేను వెనక. మన ఇళ్ళల్లో అంతే, దానికి నేను ఏనాడూ బాధపడలేదు. కాని పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, నేను మిమ్మల్ని గట్టిగా పట్టుకోగలిగేది ఆ గుంతల దగ్గరే. ఎవరూ ఏమీ అనుకోరు, గుంత కదా అంటారు. ప్రభువు ఇచ్చిన దానికి కృతజ్ఞత చెప్పాలి కదా. చెప్పాను. మీరు నెమ్మది చేసేవారు. అందుకు ఇంకోసారి చెప్పేదాన్ని.

ఆ పెద్ద బండికి దిండు ఉంది, పిడి ఉంది. దాని మీద ముందు మీరున్నా ఒకటే, రాజ్‌కిరణ్ ఉన్నా ఒకటే. అందుకే బస్సులో కళ్ళు తుడుచుకున్నాను.

అయితే మీరు రోడ్డు చివర నిలబడి నా నడుం గురించి ఆలోచించారని చదివాక, ఆ బండి మీద నాకు కోపం పోయింది. నిన్న రాజ్‌కిరణ్‌కి ఫోను చేశాను. మా వారు వచ్చాక తీసుకుంటాం, వెనక దిండూ పిడులూ విప్పేసి ఇవ్వు అన్నాను.

"ఆంటీ, అవి ఫ్రీ."

"ఫ్రీ అయినా వద్దు బాబూ."

"పట్టుకోడానికి ఏమీ ఉండదు ఆంటీ."

"అందుకే" అన్నాను.

తర్వాత "సమఝ్ గయా ఆంటీ" అన్నాడు. ఏం అర్థమైందో నేను అడగలేదు. ఎక్కడానికి బల్ల మాత్రం ఇస్తానన్నాడు.

పాత బండి ఇవ్వవద్దు. కోడి దాని సీటు మీదే పిల్లలు చేసింది. గురువారం కూడికలో లేచి, నా మనవికి జవాబు వచ్చింది, మా వారు వచ్చేస్తున్నారు అని సాక్ష్యం చెప్పాను. అందరూ మళ్ళీ ఏడ్చారు. ఒకావిడ నా చెవి దగ్గర మెల్లగా, "ఆ రెండో ఆవిడని అక్కడే వదిలేసి వస్తున్నాడా?" అని అడిగింది. అవునన్నట్టు తలూపితే పోతుందా అనిపించింది కాని, అబద్ధమని ఊపలేదు.

ఇట్లు,
మీ వెనక కూర్చునే
మేరమ్మ

తా.క. మన చర్చి దారికి కొత్త తారు వేశారు. గుంత ఒక్కటి లేదు. ఈ ఉదయం సంఘమంతా స్తోత్రం చెప్పింది. నేను పెదవులు కదిపి ఊరుకున్నాను. పోకతోటల వెనక పాత దారి ఇంకా అలాగే ఉందని యర్రమ్మ చెప్పింది. మీరు వచ్చాక అటు వెళదాం.

ఈ కాగితాలు పారెయ్యకండి. మీ బైబిల్లో, మీరు చదవకుండా దాటేసిన నా వచనాల దగ్గర పెట్టుకోండి. ఎవరికీ చూపించకండి. సర్దార్జీకి తెలుగు రాదు కదా అని ఆయనకి కూడా.