పదికి పది

డుంబ్రిగుడ,
సోమవారం.

సోఫియా మేడమ్‌కు నమస్కారాలు.

‘నర్సుగా నా ఆదర్శం’ అని కాలేజీలో నేను రాసిన వ్యాసాన్ని కొత్త బ్యాచ్ పిల్లలకు చదివి వినిపిస్తానని మెసేజ్ పెట్టారు. దయచేసి వద్దు మేడమ్. అది మా సీనియర్ నోట్సులోంచి ఎత్తిరాసింది. మీరు పదికి పది వేశారు, నేను నోరు మెదపలేదు.

నా అసలు వ్యాసం ఇదీ. ఇక్కడ మా ఆసుపత్రికి కొండ మీది ఊరి నుంచి వచ్చే భీముడు తాతకు కాలి మీద పుండు. మూడు పూటలా తిన్నాక మాత్ర వేసుకోమన్నాను. వారం తర్వాత చూస్తే పుండు అలాగే ఉంది, మాత్రలు మిగిలాయి. సంతలో అందరి ముందూ కేకలేశాను.

“తిన్నాకే ఏసుకోమన్నావు కదమ్మా! నాను రెండు పూటలే తింతాను,” అని ఆయన నవ్వేశాడు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మూడో మాత్ర పడుకునే ముందు కాస్త అంబలి తాగి వేసుకోమన్నాను. పుండు మానింది. అప్పటినుంచి ఎవరికి మందిచ్చినా, ఎన్ని పూటలు తింటారని ముందే అడుగుతున్నాను.

మొన్న తాత మళ్లీ కొండ దిగి వచ్చాడు, మందుకు కాదు. నా బల్ల మీద అంబలి చెంబు పెట్టి, “ఏటి సిస్టరూ, నువ్వెన్ని పూటలు తింతన్నావు?” అన్నాడు. మధ్యాహ్నం మూడైనా నేనింకా ఏమీ తినలేదని ఆయనకెలా తెలిసిందో!

పిల్లలకు ఇది చదవండి మేడమ్. పది మార్కులు మాత్రం తాతకు వేయండి.

మీ దగ్గర కాపీ కొట్టి దొరకని
మీ స్టూడెంటు